మినమాటా వ్యాధి: చరిత్ర

జపాన్‌లోని క్యుషు దీవిలో, కుమమోటో ప్రాంతంలోని రేవు పట్టణం మినమాటా. అక్కడి చిస్సో కంపెనీ 1932 నుంచి ఎసిటాల్డిహైడ్ తయారుచేసేది. ఉత్ప్రేరకంగా వాడిన పాదరసంలో కొంత మిథైల్ మెర్క్యురీగా మారి మురుగునీటితో సముద్రంలో కలిసేది. చేపల్లోకి, గుల్లల్లోకి ఎక్కి, వాటినే నమ్ముకున్న బెస్తల కంచాల్లోకి చేరింది. 1950లలో అక్కడి పిల్లులు తూలుతూ, గిరగిరా తిరుగుతూ చచ్చిపోతుంటే జనం దాన్ని చిందుల రోగం అన్నారు.

కంపెనీ ఆసుపత్రి పెద్ద డాక్టర్ హజిమే హొసొకవా 1956 మే 1న, అంతుచిక్కని నాడీ వ్యాధి ప్రబలుతోందని ఆరోగ్య కార్యాలయానికి తెలియజేశారు. 1959 జులైలో కుమమోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు సేంద్రియ పాదరసమే కారణమన్నారు. ఆ నెలలోనే హొసొకవా ఎసిటాల్డిహైడ్ విభాగపు మురుగునీటిని తిండిలో కలిపి ఒక పిల్లికి పెట్టసాగారు. ప్రయోగాల వరసలో దాని సంఖ్య 400. అక్టోబరుకల్లా అది వణకడం, తూలడం మొదలుపెట్టింది. ఇంతకన్నా తిరుగులేని సాక్ష్యం ఏముంటుంది? యాజమాన్యం మాత్రం ఫలితాన్ని బయటికి పొక్కనివ్వలేదు. డిసెంబరులో ఆర్భాటంగా ఒక శుద్ధి యంత్రాన్ని బిగించింది. దానికి సేంద్రియ పాదరసాన్ని తొలగించే శక్తే లేదు. 1965లో నీగటాలో మరో కంపెనీ వ్యర్థాలతో ఇదే వ్యాధి బయటపడింది. చిస్సో ఆ తయారీని 1968లో గానీ ఆపలేదు. ప్రభుత్వం అసలు కారణాన్ని ఒప్పుకున్నదీ ఆ ఏడే. హొసొకవా 1970లో ఆసుపత్రి మంచం మీంచే, బాధితులు వేసిన దావాలో కోర్టుకు పిల్లి సంగతి చెప్పి, అదే ఏడు కన్నుమూశారు. 1973 మార్చిలో తీర్పు బాధితుల పక్షాన వచ్చింది.

మాయ గర్భంలోని బిడ్డను విషం నుంచి కాపాడుతుందని అప్పటి వైద్యుల నమ్మకం. డాక్టర్ మసజుమి హరడా లాంటివారు దాన్ని తప్పని తేల్చారు. జపాన్ ఇళ్లలో బిడ్డ బొడ్డుతాడును ఎండబెట్టి చిన్న పెట్టెలో దాచుకుంటారు. మన పల్లెల్లో తాయెత్తులో పెట్టే బొడ్డులాగే. ఆ ముక్కల్లో మిథైల్ మెర్క్యురీని కొలిస్తే, ఫ్యాక్టరీ ఉత్పత్తి పెరిగిన ఏళ్లలో పుట్టినవారిలో అదీ పెరిగినట్టు కనిపించింది.

శాస్త్రం తేల్చినదాన్ని దేశం చెవికెక్కించింది మాత్రం ఎక్కువగా కళాకారులే. మినమాటా గృహిణి మిచికో ఇషిమురె 1969లో ‘కుగై జోదో’ ప్రచురించారు. అందులో బాధితుల గొంతులు స్థానిక యాసలో వినిపిస్తాయి. ఆ మాటల్లో ఆమె కల్పన పాలు చాలా ఉంది. అయినా ఆ పుస్తకాన్ని అబద్ధమనలేం. 1973లో ఆమెకు రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. నొరియాకి త్సుచిమోటో 1971లో డాక్యుమెంటరీ తీశారు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్, భార్య ఐలీన్ ఆ ఏడే అక్కడ కాపురం పెట్టి మూడేళ్లు ఉన్నారు. 1972 జనవరిలో స్మిత్ చిస్సో ఉద్యోగుల చేతిలో దెబ్బలు తిన్నారు. పుట్టుకతోనే వ్యాధి సోకిన కూతురికి తల్లి స్నానం చేయిస్తున్న ఆయన ఫొటోను లోకమంతా చూసింది. ఆ అమ్మాయి 1977లో చనిపోయింది. బిడ్డను ఇక విశ్రాంతిగా ఉండనివ్వాలని కుటుంబం కోరుకోవడంతో, 1998లో ఐలీన్ ఆ ఫొటో ప్రచురణను ఆపేశారు. ఉద్యమానికి ఎంత పనికొచ్చిన బొమ్మైనా, ఆ నిర్ణయం సబబే.

1977 నుంచి 1990 వరకు పాదరసపు బురదను తోడి, ఖాతంలో 58 హెక్టార్ల మేర పూడ్చారు. 2013లో కుదిరిన అంతర్జాతీయ పాదరస ఒప్పందానికి ఈ ఊరి పేరే పెట్టారు. అది 2017లో అమల్లోకి వచ్చింది. ఎవరిని బాధితుడిగా గుర్తించాలన్న తగవు తెగలేదు. 2023 సెప్టెంబరులో ఒసాకా జిల్లా కోర్టు, అప్పటిదాకా పరిహారం అందని 128 మందిని ఈ వ్యాధి బాధితులుగా గుర్తిస్తూ తీర్పిచ్చింది.