ఆంగ్లాలంకారముల పేర్లు

ఆంగ్లేయులు తమ భాషలో అలంకారములకు పేర్లు పెట్టుకొన్న తీరును మేమిచ్చట పరిశీలింపదలచితిమి. అలంకారములను ఆంగ్లమున వివరించిన తొలి గ్రంథములలో రిచర్డ్ షెర్రీ 1550లో ప్రకటించినది యొకటి. అదివరకు ఈ శాస్త్రము ప్రధానముగా లాటినునందే బోధింపబడుచుండెను. 1589లో కర్తృనామము లేక వెలువడి, జార్జి పటన్‌హామ్ రచనగా పరిగణింపబడుచున్న 'ది ఆర్ట్ ఆఫ్ ఇంగ్లీష్ పొయెసీ' గ్రీకు పేర్లకు దేశిపదములను కల్పించినది. అందు మెటఫర్ 'మోసికొనిపోవునది'; ఐరనీ 'పొడి ఎగతాళి'; హైపర్బొలీ 'హద్దు మీరునది', 'బిగ్గరగా బొంకునది'.

ఆ పేర్లు వాడుకలో నిలువలేదు. గ్రీకు పదములే నిలిచినవి. అయినను, అలంకారము చేయు పనినే పేరుగా చెప్పిన ఆ పద్ధతి మనకు ఉపకరించును.

సిమిలీ ఉపమయనియు, మెటఫర్ రూపకమనియు మన తరగతులలో చెప్పుట పరిపాటి. మొదటిది చాలవరకు సరియే; రెండవది చాలదు. 'ఆమె ముఖము చంద్రుడు' అన్నచో రూపకము. ఉపమేయమును విడిచి, ఆమె రాకను 'చంద్రుడు వచ్చినాడు' అన్నచో మన ఆలంకారికులకు రూపకాతిశయోక్తి. ఆంగ్లమున రెండును మెటఫరే. కావున పేరునకు పేరు గాక, పనికి పని సరిచూచి బోధించుట యుక్తమని మా తలంపు.