ముందుగాల తారీఖు

చంద్రపూర్, బాబూపేట. వైశాఖం ఎండకు పొద్దున తొమ్మిదికే ఇంటి రేకులు చిటపటమంటున్నాయి. చైత్ర పున్నమికి మహాకాళి జాతరకొచ్చిన ఆదిలాబాదు, నాందేడు జనం ఇంకా తిరుగుముఖం పట్టకముందే అవ్వ పోయింది. దినాలు అయిపోయి మూడు రోజులు.

బల్లార్షా వైపు బొగ్గు బండి పోతోంది. గోడకానించిన నల్ల ట్రంకు సన్నగా అదురుతోంది. మూత మీద తెల్లరంగుతో తాత ఆర్మీ నంబరు, పేరు. పేరు సగం చెరిగింది, నంబరు చెరగలేదు.

గొళ్లెం తీస్తాను. ఎండిన వేపాకు వాసన. నాడాతో కట్టిన ఇన్‌లాండ్ కవర్ల కట్ట. పైదాని నీలి కాగితం మడత దగ్గర చిరిగితే అన్నం మెతుకుతో అతికించింది. ఆ మెతుకు గాజుపెంకులా గట్టిపడి ఉంది. పంపినవారి చిరునామాలో ఊరు లేదు. కేరాఫ్ 99 ఏపీఓ, అంతే. యుద్ధంలో ఉన్న సిపాయి ఎక్కడున్నదీ రాయకూడదు.

కరీంనగర్ దిక్కు నుంచి, మహాకాళి కాలరీలో పనిచేసే అన్నల ఇంటికి వచ్చి ఉన్నప్పుడు అవ్వకు అక్షరం రాదు. మొదటి ఉత్తరం పక్కింటాయన చదివితే వాడంతా విన్నది. "నా పెనిమిటి నాకు రాసింది వాడకెందుకు?" అని పలక పట్టింది. ఆర్నెల్లలో తానే చదివింది. తర్వాత కాలరీ ఆడవాళ్ల ఉత్తరాలూ చదివిపెట్టింది, జవాబులూ రాసింది.

1971 డిసెంబరు 16. ఆమె నాకు వందసార్లు చెప్పిన రోజు. ఢాకాలో పాక్ సేన లొంగిపోయిందని రేడియో చెబుతోంది. వాడలో పేడాలు పంచుతున్నారు. అవ్వ చేతిలో పేడా చేతిలోనే ఉంది. ఐదు రోజులకు ఉత్తరం వచ్చింది. అందరూ సంబరపడ్డారు. అవ్వ తారీఖు చూసింది. డిసెంబరు 8.

"ఇది రాసిననాడు బతికున్నడు. ఇయ్యాల?"

సంక్రాంతి ముందు ఇంకోటి వచ్చింది. 27 అని ఉంది. అప్పుడు గడపలో కూలబడి ఏడ్చిందట.

నేను చదివింది మరాఠీ బడిలో. నాకు తెలుగు వచ్చింది ఈ కట్టలోంచే. అవ్వ ఒళ్లో కూర్చోబెట్టుకుని తాత అక్షరాల మీద నా వేలు పెట్టి దిద్దించేది. "ముందుగాల తారీఖు సూడు బిడ్డా." 'ఉభయ కుశలోపరి' అంటే ఏంటని అడిగితే, "రెండు దిక్కులా బాగున్నమని" అనేది. ఆ రెండు దిక్కుల్లో ఒకటి ఈ బాబూపేట ఇల్లేనని నాకు అప్పుడు తట్టలేదు.

తాత పోయాక ఫ్యామిలీ పెన్షన్ ఆమె పేరు మీదికొచ్చింది. బతికే ఉన్నానని ఏటా నవంబరులో బ్యాంకుకెళ్లి కాగితం ఇవ్వాలి. ముసలమ్మ కదా అని వేలిముద్ర డబ్బా ముందుకు జరిపేవారు. అవ్వ దాన్ని పక్కకు నెట్టి పెన్ను అడిగేది. తెలుగులో సంతకం, కింద తారీఖు.

ట్రంకు అడుగున ఆఖరి కాగితం జిరాక్సు ఉంది. 2024 నవంబరు 6.