శాతవాహన నాణెములు - గుర్తించు విధము

చరిత్రకు శాసనమెట్టి ఆధారమో నాణెమును అట్టిదే. శాసనము ఒకచోట నిలిచి పలుకును. నాణెము చేతులు మారుచు దేశమంతయు తిరుగును. కావున దానిని సరిగా గుర్తించుట ఎంత లాభమో, తొందరపడి ఒక రాజునకు అంటగట్టుట అంత ప్రమాదము. శాతవాహనుల నాణెములే ఇందుకు నిదర్శనము.

ఈ నాణెములు సీసము, రాగి, పోటిన్ అను మిశ్రలోహము, వెండి - వీనితో చేయబడినవి. ముద్రకన్న బిళ్ళ చిన్నదైనచో అక్షరములు కొన్ని అంచు వెలుపలికి పోవును. మిగిలినవానిలో అరుగుదలచే మరికొన్ని మాయును. పైగా శాతకర్ణి యను పేరు ఒక్కరిది కాదు. పెక్కురు రాజులు దానిని ధరించిరి. తల్లి పేరు కనబడినను చిక్కు తీరదు. 'గోతమిపుతస' అని మాత్రమే నిలిచిన నాణెమును నహపానుని గెలిచిన గౌతమీపుత్ర శాతకర్ణిదని నిశ్చయింపరాదు. తరువాతి యజ్ఞశ్రీ శాతకర్ణియు గౌతమీపుత్రుడే.

అందుచే లోహము, తూకము, పరిమాణము మొదట చూడవలెను. పిదప ఏనుగు, సింహము, గుఱ్ఱము, చైత్యము వంటి గుర్తులను, వెనుకవైపున ఉండు ఉజ్జయినీ చిహ్నమును పరిశీలింపవలెను. ఆపైననే అక్షరములను చదివి, ప్రమాణ గ్రంథములలోని చిత్రపటములతో సరిపోల్చవలెను. ఒక్క బొమ్మ పోలినంతమాత్రమున చాలదు.

రెండు ముద్రలు గల నాణెములను మరింత జాగ్రత్తగా చూడవలెను. 1906లో నాసిక్ సమీపమున జోగల్‌తెంబి వద్ద 13,000కు పైగా వెండి నాణెములు దొరకినవి. అవి నహపానునివి. వానిలో 9,000కు పైగా నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి కొట్టించెను. క్రింది ముద్రను మాత్రమే చదివినవాడు ఓడినవానిని చూచును. పై ముద్రను మాత్రమే చదివినవాడు గెలిచినవానిని చూచును. రెండును చదివినవానికే ఆ యుద్ధ ఫలితము బోధపడును.

ప్రమాణ గ్రంథమునకును హద్దు కలదు. బ్రిటిష్ మ్యూజియము పక్షమున రాప్సన్ పండితుడు 1908లో ప్రకటించిన ఆంధ్ర నాణెముల పట్టిక నేటికిని తొలి మెట్టు. కాని 1939లో విదర్భలోని తర్హాళ వద్ద దొరకిన పోటిన్ నాణెముల రాశి కుంభ, కర్ణ, శక శాతకర్ణుల పేర్లను బయటపెట్టెను. 1970వ దశకమున తెలంగాణమునందలి కోటిలింగాలలో చిముక సాతవాహనుని నాణెములు వెలుగుచూచెను, పి.వి. పరబ్రహ్మశాస్త్రి వానిని లోకమునకు తెలిపిరి. అతడే పురాణములు చెప్పు మూలపురుషుడా యను వాదము పండితులలో లేకపోలేదు. అయినను శాతవాహనుల తొలి నెలవు ఏది యను ప్రశ్నకు ఈ చిన్న బిళ్ళలు కొత్త బలమిచ్చినవి. రాప్సన్ గ్రంథముతోనే ఆగినవానికి ఇవి అంతుపట్టవు. కావున ఎం. రామారావు 1961లో వెలువరించిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియము పట్టిక మొదలుగా తరువాతి గ్రంథములను కూడ చూడవలెను.

అన్నిటికంటె ముఖ్యము, నాణెము దొరకిన చోటు. కోటిలింగాల నాణెములు అంగడిలో ఊరు పేరు లేక చేతికి వచ్చియుండినచో, అక్షరములు చదువగలిగినను వాని సాక్ష్యము సగము నశించెడిది. పొలము దున్నునపుడో, పునాది త్రవ్వునపుడో నాణెము కనబడినచో దానిని తోమి మెరుగు పెట్టక, చోటు వ్రాసియుంచి పురావస్తు శాఖకు తెలుపుట ఉచితము. పేరు తెలియని నాణెమును తెలియనిదిగానే ఉంచినచో రేపటి పండితుడు దానిని చదువగలడు. తప్పు పేరు తగిలించినచో అతడును దారి తప్పును.