వైరల్ వాంతులు, విరేచనాలు: రోటా వైరస్‌కు టీకా, నోరోవైరస్‌కు పరిశుభ్రతే రక్షణ

సున్నిపెంట: శ్రీశైలం జలాశయ నిర్మాణ కాలంలో ప్రాజెక్టు కాలనీగా ఎదిగిన సున్నిపెంట, 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నంద్యాల జిల్లా పరిధిలోకి వచ్చింది. మహాశివరాత్రి, ఉగాది ఉత్సవాలకు శ్రీశైల క్షేత్రానికి లక్షలాది భక్తులు తరలివస్తారు. వీరిలో అనేకులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల అడవిలో కాలినడకన చేరుకుంటారు. సత్రాలు, అన్నదాన పందిళ్ళు, చలివేంద్రాలలో వేలాది మంది ఒకే నీటిని, ఒకే ఆహారాన్ని పంచుకునే ఇటువంటి చోట వైరస్‌ల వల్ల కలిగే వాంతులు, విరేచనాల వ్యాధిపై అవగాహన అత్యంత ఆవశ్యకం.

రెండు వైరస్‌లు

ఈ వ్యాధికి ప్రధాన కారకాలు రోటా వైరస్, నోరోవైరస్. 1968లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం నార్వాక్ పట్టణంలో ఒక పాఠశాలలో ప్రబలిన వ్యాధి నమూనాల నుంచి, 1972లో ఆల్బర్ట్ కపికియన్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ద్వారా నోరోవైరస్‌ను గుర్తించింది. 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం రోటా వైరస్‌ను కనుగొన్నది. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 68.5 కోట్ల మంది నోరోవైరస్ బారిన పడుతున్నట్లు అంచనా.

హైదరాబాద్ టీకా

రోటా వైరస్‌పై పోరులో తెలుగునాడుకు విశిష్ట స్థానం ఉన్నది. 1985-86లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ మహరాజ్ కిషన్ భాన్ బృందం నవజాత శిశువుల నుంచి సేకరించిన 116ఇ రకం వైరస్ ఆధారంగా హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ సంస్థ రోటావాక్ టీకాను రూపొందించింది. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది శిశువులపై జరిగిన మూడో దశ పరీక్షలో, తీవ్రమైన రోటా వైరస్ విరేచనాల నుంచి తొలి ఏడాదిలో సుమారు 56 శాతం రక్షణ లభించినట్లు తేలింది. 2015 మార్చి 9న ఈ టీకాను జాతికి అందించారు. 2016 మార్చిలో సార్వత్రిక వ్యాధి నిరోధక కార్యక్రమంలో తొలుత ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిగిలినవి హర్యానా, హిమాచల్ ప్రదేశ్, ఒడిశా. ఈ కార్యక్రమంలో రోటా వైరస్ టీకాను శిశువుకు 6, 10, 14 వారాల వయసులో నోటి ద్వారా వేస్తారు.

నోరోవైరస్‌కు టీకా లేదు

నోరోవైరస్‌కు ఆమోదం పొందిన టీకా నేటికీ లేదు. వైరస్ రకాలు తరచూ మారడం, ప్రయోగశాలలో దానిని పెంచడం చాలాకాలం సాధ్యపడకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు. 2016లో మేరీ ఎస్టెస్ బృందం మానవ పేగు కణజాలంలో దానిని పెంచగలిగిన తరువాత పరిశోధన వేగం పుంజుకున్నది. రోటా టీకా అమలైన అనంతరం అమెరికాలో, విరేచనాలతో వైద్యం పొందే పిల్లలలో నోరోవైరస్ ప్రధాన కారణంగా నిలిచింది. కేరళలో 2021 నవంబరులో వయనాడ్ జిల్లా పూకోడ్ పశువైద్య కళాశాల విద్యార్థులు 13 మందికి ఈ వ్యాధి నిర్ధారణ అయింది. ఒకచోట కలిసి నివసించేవారి మధ్య ఇది ఎంత సులువుగా వ్యాపించగలదో దీనిని బట్టి గ్రహించవచ్చు.

వైరస్ సోకిన 12 నుంచి 48 గంటలలో వాంతులు, విరేచనాలు మొదలై సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులలో తగ్గుతాయి. అయితే కోలుకున్న తరువాత కూడా రెండు వారాలు, అంతకు మించి మలంలో వైరస్ వెలువడవచ్చు. అతి స్వల్ప సంఖ్యలో వైరస్ కణాలు చేరినా వ్యాధి సోకుతుంది.

అధికారులు గమనించవలసిన అంశాలు

తాగునీటిలో అవశేష క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు, వైరస్‌ల నుంచి రక్షణ అవసరమైనప్పుడు కనీసం 0.5 మిల్లీగ్రాములు ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 నిర్దేశిస్తున్నది. దీనిని ట్యాంకు వద్దనే గాక చివరి కుళాయి వద్ద కూడా పరీక్షించాలి.

ఆల్కహాల్ శానిటైజర్లు ఈ వైరస్‌పై అంతగా పనిచేయవు. సబ్బు, నీటితో చేతులు కడుక్కోవడమే మేలు. వాంతులు పడిన చోటును లీటరుకు 1,000 నుంచి 5,000 మిల్లీగ్రాముల క్లోరిన్ గల ద్రావణంతో శుభ్రం చేయాలి. వ్యాధి సోకిన వంటవారిని, వడ్డించేవారిని లక్షణాలు తగ్గిన తరువాత కనీసం 48 గంటల వరకు విధులకు దూరంగా ఉంచాలి. వ్యాధి ప్రబలినప్పుడు లక్షణాలు కనిపించిన 72 గంటలలోగా కనీసం ఐదుగురి మల నమూనాలు సేకరించి, చల్లదనంలో ఉంచి, ఆర్‌టి-పిసిఆర్ పరీక్షకు పంపాలి.

చికిత్స

యాంటీబయాటిక్ మందులు వైరస్‌లపై పనిచేయవు. శరీరం కోల్పోయిన నీటిని, లవణాలను భర్తీ చేయడమే ప్రధాన చికిత్స. లీటరు ఓఆర్ఎస్ పొట్లాన్ని ఒక లీటరు సురక్షిత జలంలో కలిపి 24 గంటలలోగా వాడాలి. పిల్లలకు 14 రోజులపాటు జింక్ మాత్రలు ఇవ్వాలి, తల్లిపాలు ఆపరాదు. కళ్ళు గుంటలు పడటం, మూత్రం తగ్గడం, మగతగా ఉండటం వంటి లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తరలించాలి. ఆసుపత్రికి దూరంగా ఉండే నల్లమల చెంచు గూడేలలో ఇంటింటా ముందుగానే ఓఆర్ఎస్, జింక్ అందుబాటులో ఉంచడం, ప్రతి శిశువుకు మూడు మోతాదుల రోటా టీకా పూర్తి చేయడం పసిప్రాణాలను కాపాడే మార్గాలు.