యుద్ధం బియ్యం డబ్బా దాకా వచ్చిన రోజులు

యుద్ధం అనగానే మనకు సరిహద్దులు, సైనికులు, విమానాలు గుర్తుకొస్తాయి. వంటింటికీ దానికీ ఏం సంబంధం అనుకుంటాం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన దేశంలో ఇల్లు నడిపిన ఆడవాళ్లను అడిగితే మాత్రం ఆ మాట ఒప్పుకోరు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ సంగతి చాలామందికి తెలుసు. అంతకు నెల ముందే, మార్చి 8న, రంగూన్ జపాన్ వశమైంది. అక్కడ కూలి పనులు చేసుకుంటున్న మన తెలుగువాళ్లెందరో చేతికందింది పట్టుకుని తిరిగొచ్చారు. ఏటా ఓడల్లో వచ్చే బర్మా బియ్యం ఆగిపోయింది.

బియ్యం తగ్గడం ఒకటే కష్టం కాదు. సైన్యం కోసం బ్రిటన్ ఇక్కడే బట్టలు, ధాన్యం, బూట్లు కొంది. ఇంగ్లండు వాటా డబ్బు లండన్‌లో మన ఖాతాలో బాకీగా రాసుకుని, దాన్ని చూపించి ఇక్కడ నోట్లు అచ్చువేశారు. యుద్ధం ముగిసేసరికి చలామణీలో నోట్లు ఆరు రెట్లు దాటాయి. సరుకు మాత్రం అంత పెరగలేదు. గాదెలో ధాన్యం ఉన్నవాళ్లకి లాభం వచ్చింది. ఏ రోజు కూలితో ఆ రోజు బియ్యం కొలిపించుకునే ఇల్లాలి కొంగుముడిలో డబ్బుకి విలువ పోయింది. 1943లో బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారు. ఆ ధరలకు కొనలేక పస్తులున్న కూలీలు, జాలరులు వాళ్లలో ఎందరో.

నాణేలూ మారిపోయాయి. 1940లో రూపాయిలో వెండి సగానికి తగ్గించారు. 1943లో లోహం ఆదా కోసం కాణీకి మధ్యలో చిల్లు పెట్టారు. మన పెద్దవాళ్లు చెప్పే చిల్లు కాణీ అదే!

ఆ ఏడాది నుంచే నగరాల్లో రేషన్ మొదలైంది. యుద్ధం 1945లో ఆగింది కానీ రేషన్ ఆగలేదు. 1947 చివర్లో కంట్రోళ్లు ఎత్తేస్తే ధరలు మండిపోయి, మరుసటి ఏడే మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఈరోజు మన బీరువాలో ఉన్న రేషన్ కార్డుకి మూలం ఆ యుద్ధమే.

చరిత్ర పుస్తకాల్లో సేనాపతుల పేర్లుంటాయి. ఉన్న గుప్పెడు బియ్యాన్ని గంజి కాచి పదిమందికి సర్దిన ఆడవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు. మీ అమ్మమ్మలు, నానమ్మలు ఆ రోజుల గురించి చెప్పిన మాటలేమైనా గుర్తుంటే, మరిచిపోకముందే ఒక కాగితం మీద రాసిపెట్టండి.