ఒక గోదావరి – రెండు సీమలు

ఇరుగుపొరుగు దేశముల కలిమిలేములను జూచినపుడు మానవుడు కారణము వెదకుటకు శ్రమపడడు. "వారు కష్టజీవులు, బాగుపడిరి, వీరు సోమరులు, చెడిరి" అని యొక్కమాటలో తీర్పు చెప్పి యూరకుండును. ఇట్టి తీర్పునకు చరిత్ర జ్ఞానముతో పని లేదు. మన వాడుకలో దానికింత చెలామణి కలుగుటకు హేతువు బహుశః అదియే.

మా గోదావరిఖని క్వార్టర్లలో ఒకే గోడ కటునిటు రెండు కుటుంబములు కాపురముండును. ఒకరి పెద్దలు డెల్టా పల్లెనుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవారు. ఒకరు ఈ నేలనే పుట్టినవారు. పెండ్లికి పేరంటమునకు కలిసిమెలిసియే యుందురు. ఐనను మాటకు మాట పెరిగినపుడు మొదటి యింటివారు "మీకు భూములుండియు సేద్యము తెలియదు, చదువు పట్టదు" అందురు. రెండవ యింటివారు "మీరు వచ్చి మా కొలువులు తినిపోతిరి" అందురు. వినుచున్న పిల్లలు రెండు మాటలను నేర్చుకొందురు. ఈ రెండు మాటలును చరిత్ర యెదుట నిలుచునా యని పరిశీలించుటయే యీ వ్యాసము యొక్క యుద్దేశము.

మొదట నొక సంగతి స్మరింపవలయును. రామగుండమునకు ప్రక్కగా పాఱు గోదావరియే ధవళేశ్వరమును జేరి పాయలగుచున్నది. ఆ డెల్టా సీమయు ఒకప్పుడు నిజాము ప్రభువు నేలుబడిలోనిదే. 1766 నాటి యొడంబడికచే ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ వశమయ్యెను. నాటినుండి 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున జేరువఱకు, ఒకే భాష మాటలాడు ప్రజలు ఒకే నది యొడ్డున రెండు ప్రభుత్వముల క్రింద బ్రతికిరి. ఈ నూట యెనుబది రెండేండ్ల యెడబాటే నేటి భేదములలో పెక్కింటికి మూలము.

డెల్టావారు పుట్టుకతోనే భాగ్యవంతులు కారు. 1832–33 సంవత్సరములలో కోస్తా జిల్లాలను కబళించిన కరవు డొక్కల కరవని జనుల నోట నిలిచినది. నది ప్రక్కనే యుండియు నీరు సముద్రము పాలగుచుండ, గోదావరి మండలమున జనులు గ్రామములు విడిచి పోయిరి. అప్పుడు ఆర్థర్ కాటన్ అను ఇంజనీరు ఆనకట్ట కట్టినచో ప్రజలకు తిండియు సర్కారునకు శిస్తును పెరుగునని వాదించెను. 1847లో ఆరంభమైన ధవళేశ్వరపు పని 1852లో ముగిసెను. కాలక్రమమున పది లక్షల యెకరముల వఱకు కాలువ నీరు పాఱెను. ఆ కాలువలలోనే లాకుల మీదుగా ధాన్యపు పడవలు నడచెను. కంపెనీవారి యుద్దేశములో దయకంటె శిస్తు హెచ్చుగా నుండవచ్చును. ఐనను నీటికొక గుణము కలదు. అది పల్లెపల్లెకును, చేనుచేనికిని పంచబడినగాని శిస్తు రాదు. పాలకుని లాభమునకు సైతము రైతు గాదె నిండవలసియే యుండెను.

నీరు మాత్రమే డెల్టాను దిద్దలేదు. పంట మిగిలిన యిండ్లవారు పిల్లలను బడికి బంపిరి. 1874లో ధవళేశ్వరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు బాలికల పాఠశాల పెట్టిరి. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. పత్రికలు వెలసెను, సభలు జరిగెను. తెలుగులో చదువుటకును వ్రాయుటకును సర్కారు అడ్డు లేకుండెను. పంటతో పాటు బడియు, బడితో పాటు పత్రికయు గలిగినపుడే సీమ మేలుకొనును.

ఇక ఎగువ సీమను జూతము. ఇచటి భాగ్యము నీటిలో గాక నేల క్రింద నుండెను. భద్రాచలమునకు బోవు యాత్రికులు ఇల్లెందు సమీపమున నల్లరాళ్లతో పొయ్యి పెట్టుకొనగా రాళ్లే యంటుకొనెనని అచట చెప్పుకొందురు. ఇల్లెందునకు బొగ్గుట్ట యనియు పేరు గలదు. 1871లో భూగర్భ శాఖకు జెందిన విలియం కింగ్ అను శాస్త్రజ్ఞుడు ఆ బొగ్గును గుర్తించెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యనునది లండనులో నేర్పడి గనుల హక్కు సంపాదించెను. దాని వాటాల బేరములో జరిగిన గోల్‌మాలు 1888లో ఇంగ్లీషు పార్లమెంటు విచారణ సంఘము వఱకు బోయినది. గమనింపుడు: ఇల్లెందులో 1889లో త్రవ్వకము మొదలు కాకమునుపే లండనులో లాభనష్టములు మొదలయ్యెను. బొగ్గు మనది, వాటాల సంత మఱియొకరిది.

1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు వచ్చెను. 1929లో కాజీపేట–బల్లార్షా రైలు మార్గము పూర్తియైన పిదప బెల్లంపల్లి మొదలగు తావుల బొగ్గు ఉత్తర దక్షిణములకు తేలికగా పోసాగెను. బొగ్గు గుణము నీటి గుణమునకు విరుద్ధము. అది పంచబడుటకు గాక తరలింపబడుటకై పైకి వచ్చును. బావిలో తట్ట చెమ్మసు పట్టి టబ్బులు నింపిన కూలికి దినవెచ్చము దక్కును. బండి కదలినతోడనే లాభమును కదలిపోవును. గని ప్రక్క పల్లెలో కాలువ పాఱదు, గాదె నిండదు. ఆ పల్లెలలోనో, దొరల గడీలకు వెట్టి చేయుట సామాన్య విధిగా నుండెను. పెద్ద చదువునకు ఉర్దూ దిక్కు. 1929 నాటి యేబదిమూడవ గస్తీ యను నుత్తరువు చేత సభ పెట్టవలెనన్నను సర్కారు సెలవు కావలసి వచ్చెను. ఇట్టి నిర్బంధములోనే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభను పెట్టుకొనిన జనులను సోమరులనుట న్యాయమా? అచట సెలవు లభించిన పని ఇచట సాహసముగా చేయవలసి వచ్చినది. భేదము మనుజులలో గాదు, వారిపై నున్న యేలుబడిలో నున్నది.

సంస్థానము పోయిన పిదపనైనను అంతరము వెంటనే తీరలేదు. 1945లోనే కంపెనీ వాటాలలో హెచ్చుభాగము నిజాము సర్కారు కొనియుండుటచే సింగరేణి ప్రజల ప్రభుత్వమునకు సంక్రమించెను; నేడు రాష్ట్రమునకు నూటికి 51 వంతులు, కేంద్రమునకు 49 వంతులు. 1960 ప్రాంతమున గోదావరిఖనిలో గనులు తెఱవబడెను. 1983లో రామగుండపు పెద్ద విద్యుత్కేంద్రమున తొలి యంత్రము తిరిగెను. ఆ వెలుగు దక్షిణ రాష్ట్రములకెల్ల పోవుచున్నది. కాని గోదావరి నీటిని ఎగువ చేలకు దెచ్చు పోచంపాడు ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది 1963లో. ధవళేశ్వరము పూర్తియైన నూటపదునొకండేండ్లకు! నదికి ఎగువనున్నవాడు దిగువవాని తరువాత నాలుగు తరములకు నీరు త్రాగెను.

ఆ జాగు యొక్క ఫలము లెక్కలలో గన్పట్టుచున్నది. 2011 జనాభా లెక్కలలో పశ్చిమ గోదావరి జిల్లాలో అక్షరాస్యులు నూటికి 74 మంది కాగా, రామగుండము నాడు చేరియున్న కరీంనగరు జిల్లాలో 64 మంది, బెల్లంపల్లి మంచిర్యాలలున్న ఆదిలాబాదు జిల్లాలో 61 మంది మాత్రమే. కరీంనగరు స్త్రీలలో చదువ నేర్చినవారు సగమునకు కొంచెము పైబడి యుండిరి. నూటయిరువది యేండ్లుగా రైళ్లను, మిల్లులను నడిపిన నేల తన కుమార్తెలలో సగమునకు అక్షరము చెప్పలేకపోయినది.

ఐనను డెల్టా స్వర్గమని మా మతము గాదు. కాలువ నీరు భూమి గలవాని చేనికి బోయెను గాని, భూమి లేని కూలివాని గుడిసెకు బోలేదు. బొగ్గు సీమలో నున్న యొక మేలు అచట లేదు. 1975 నుండి బొగ్గు పరిశ్రమకెల్ల వర్తించు వేతనపు టొడంబడికలచే ఒకే తరగతి పనికి, కులమేదైనను ఊరేదైనను, ఒకే జీతము వచ్చుచున్నది. కొంతకాలముగా కంపెనీ లాభములో వాటా కార్మికులకును పంచబడుచున్నది. లండను వాటాదారుల కాలముతో పోల్చినచో ఇది చిన్న మార్పు గాదు. కావున రెండిండ్లవారును ఒకరి నుండి యొకరు నేర్చుకొనవలసినది కలదు.

ఈ న్యాయము మన దేశమునకే పరిమితము గాదు. దక్షిణాఫ్రికా ఖండభాగమున జాంబియా, బోత్స్వానా యని రెండు పొరుగు దేశములు కలవు. జాంబెజీ నదిపై కజుంగుల యొద్ద వాని సరిహద్దు మిక్కిలి చిన్నది. 2021లో అచట వంతెన తెఱవబడెను. 1964లో స్వతంత్రమైనపుడు జాంబియాకు రాగి గనులుండెను, పేరుండెను. 1966లో స్వతంత్రమైన బోత్స్వానా పశువులు మేపుకొను బీద దేశము. అచట మంచి బాటలు వ్రేళ్లపై లెక్కింపదగినంత. 1967లో ఒరాపా యొద్ద వజ్రములు దొరకెను. గనుల హక్కు ఏ తెగదియు గాక దేశమంతటిదని వారు చట్టము చేసికొని, వ్యాపారులతో వాటా కుదుర్చుకొని, వచ్చిన సొమ్మును బడులకును, బాటలకును, వైద్యశాలలకును వెచ్చించిరి. జాంబియావారు అసమర్థులని యనరాదు. 1966లో వారు విశ్వవిద్యాలయము నెలకొల్పుకొనినపుడు పల్లెవారు సైతము చందాలిచ్చిరి. కాని దేశమంతయు రాగి ధరపైననే యాధారపడి యుండెను. 1975 ప్రాంతమున ధర పడిపోగా అప్పులు మీదబడెను. తుదకు గనులమ్ముకొనవలసి వచ్చెను. నేడు బోత్స్వానా తలసరి యాదాయము జాంబియాకు అనేక రెట్లు. ఐనను అచట ఎయిడ్సు వ్యాధి ఒక తరమును పీడించెను. ధనిక దరిద్ర భేదము ప్రపంచమున మిక్కిలి హెచ్చైన దేశములలో నదియు నొకటి. వజ్రమైనను రాగియైనను బొగ్గైనను, గని యిచ్చునది సొమ్ము మాత్రమే. దానిని బ్రతుకుగా మార్చు పని మనుజులది. ఒకే సరకును నమ్ముకొనిన వారికి అది తరుగు దినము తప్పదు.

ఆ దినము మాకును దూరము గాదు. 1990ల యారంభమున సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండగా నేడు అందులో సగమైనను లేరు. తట్ట చెమ్మసు పోయి ఓపెన్ కాస్టు యంత్రములు వచ్చెను. తండ్రి కొలువు కొడుకునకు వచ్చునను ధైర్యము మునుపటివలె నిలువదు. బొగ్గు తరుగక మానదు. తరిగినచోట తిరిగి పుట్టదు.

ఇట్టి కాలమున ఇంటి కర్తవ్యమేమి? జీతపు దినమున ఇల్లు జేరక ముందే సారా దుకాణము వశమైన సొమ్మును మా వీథులు చాల చూచినవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేచి పోరాడగా 1993లో సారాయు, 1995లో సర్వ మద్యమును నిషేధింపబడెను. 1997లో నిషేధము సడలినది. చట్టము సడలినను ఇంటి కట్టుబాటు సడలనక్కఱలేదు. 1952 నాటి గనుల చట్టము స్త్రీని భూగర్భములోనికి రానీయలేదు. 2019లో నియమములతో ఆ ద్వారము తెఱవబడెను. ఆ ద్వారమున ప్రవేశింపదగిన చదువు గల బాలికలు మన యిండ్లలో నెందఱున్నారని తల్లిదండ్రులు లెక్కించుకొనవలయును. డెల్టాలో పంట మిగులు బడిగా మారినట్లే ఇచట జీతపు మిగులు బడిగా మారవలయును. అది జరిగిననాడు గని మూతపడినను ఇల్లు మూతపడదు.

ఒకే గోడ కటునిటు నున్న ఆ రెండు కుటుంబములకు మా విన్నపమిది. "మీకు సేద్యము తెలియదు" అనువారు పోచంపాడు శంకుస్థాపన నాటి సంవత్సరమును స్మరింతురు గాక. "మా కొలువులు తినిరి" అనువారు, ఆ కొలువుల లాభమును పూర్వము తిన్నది లండను వాటాదారులని, గోడ కావలి కూలివాడు గాడని స్మరింతురు గాక. పిల్లలు వినునది పెద్దల మాటయే గనుక, ఆ మాటకు బదులుగా ఈ చరిత్రను వినిపింతుము గాక.