వయసుకు ముందే నెరిసిన ఎస్వీఆర్

1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో జమీందారుకు ఇద్దరు కొడుకులు. ఒకరు ఎన్టీఆర్, ఇంకొకరు అక్కినేని. తెర మీద ఆ తండ్రిని చూసి అనుమానపడ్డవాళ్లు లేరు. పుట్టినరోజులు తీస్తేనే నవ్వొస్తుంది. తండ్రి ఎస్.వి.రంగారావు పుట్టింది 1918 జులై 3న, కొడుకు ఎన్టీఆర్ 1923లో. అయిదేళ్లు కూడా నిండా లేని తేడా!

నూజివీడులో పుట్టిన రంగారావు ‘వరూధిని’లో ప్రవరుడిగా, అంటే అందగాడి వేషంతోనే మొదలయ్యారు. సినిమా ఆడలేదు. అంతకుముందు ఫైర్ సర్వీసులో చేసిన మనిషి, ఈసారి జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో చేరారు. మళ్లీ మద్రాసు వచ్చాక 1950లో ‘షావుకారు’లో రౌడీ సున్నం రంగడు. ఆయన భారీ విగ్రహం హీరో కావడానికి అడ్డమైంది కానీ, మిగతా అన్నిటికీ అదే పెట్టుబడి.

మరుసటి ఏడే ‘పాతాళభైరవి’. గడ్డం, జులపాలు, చూపులో కుతంత్రం. ఆ నేపాళ మాంత్రికుడికి ఎన్నేళ్లంటే చెప్పడం కష్టం. వేసినాయనకు మాత్రం ముప్ఫై రెండే.

1955లో ‘మిస్సమ్మ’లో సావిత్రికీ జమునకూ తండ్రి. అదే ఏడాది బి.ఎన్.రెడ్డి ‘బంగారు పాప’లో మొరటు కోటయ్య. దొరికిన పసిబిడ్డను పెంచుతూ మెత్తబడి, తెర మీదే వయసు మళ్లుతాడు. ఎస్వీఆర్ నటనలో పెద్దపీట దీనికే వేయాలి. ‘మాయాబజార్’ (1957) అభిమానులు ఒప్పుకోకపోవచ్చు. నిజమే, అందులో ఆయన వేసిన ఘటోత్కచుడి ముద్ర ఎంత గట్టిదంటే, ఆ ఘటోత్కచుడే రూపు మార్చుకున్న మాయా శశిరేఖగా సావిత్రి ఆడపిల్ల వేషంలోనే ఆయన నడకను, ఆ దర్పాన్ని దించేసింది. 1963 ‘నర్తనశాల’ కీచకుడికి జకార్తా ఆఫ్రో-ఆసియన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది.

హీరోలకు విగ్గూ మేకప్పూ వయసును దాచడానికి. ఎస్వీఆర్‌కు అవే వయసును అరువు తెచ్చాయి. దాసరి నారాయణరావు తొలి చిత్రం ‘తాత మనవడు’లో తాత అయ్యేనాటికి ఆయనకు యాభై నాలుగేళ్లు. 1974 జులై 18న మద్రాసులో కన్నుమూశారు. మూడేళ్ల తర్వాత ‘అడవి రాముడు’లో జయప్రద సరసన స్టెప్పులేసిన ఎన్టీఆర్ వయసు కూడా దాదాపు యాభై నాలుగే.